ఇంటి వస్తువులతో ఫొటోగ్రఫీ: ఒంగోలు విద్యార్థినికి సమాధానం

ప్రశ్న: నేను ఒంగోలులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా మేనమామ వాడి పక్కన పెట్టిన పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, దానితో వచ్చిన 18–55 లెన్సు నా దగ్గర ఉన్నాయి. స్నేహితులు అరకు, హంపి వెళ్లి ఫొటోలు తీసుకొస్తున్నారు. నాకు ఇల్లు, మేడ, కాలేజీ దారి తప్ప వేరే చోటు లేదు. ఒంటరిగా దూరం వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోరు. వీడియోలు చూసి నీటి చుక్కలు, అగరుబత్తి పొగ, రాత్రిపూట వాహనాల వెలుగు గీతలు తీశాను గానీ, అవన్నీ ఎవరో తీసినవాటికి నకళ్లలా ఉన్నాయి. ఇప్పుడు కాలేజీలో ‘నిత్యజీవితం’ అనే అంశం మీద ఐదు ఫొటోల పోటీ పెట్టారు. రోజూ చూసే వస్తువులనే కొత్తగా తీయడం ఎలా? మాక్రో లెన్సు (చిన్న వస్తువులను బాగా దగ్గరి నుంచి పెద్దగా తీసేది) కొనక తప్పదా? బజారులో మనుషులను తీయవచ్చా?

సమాధానం: మీ ఫొటోలు నకళ్లలా తోచడానికి కారణం మీరు పని మొదలుపెట్టిన వరుసలోనే ఉంది. వీడియోలో ఒక పద్ధతిని చూశారు, దానికి సరిపోయే వస్తువును వెతుక్కున్నారు, ఆ పద్ధతిని దాని మీద ప్రయోగించారు. ఆ వరుసలో వెళితే నీటి చుక్క ఎవరింట్లో తీసినా ఒకటే, అగరుబత్తి పొగ ఎవరు తీసినా ఒకటే. వరుసను తిరగేసి చూడండి. ముందుగా మీ ఇంట్లోని ఒక వస్తువు దగ్గర కాసేపు నిలబడి దాని గుణమేమిటో తేల్చుకోండి. అది మెరుస్తుందా, కదులుతుందా, గరుకుగా ఉందా, వెలుగును తనలోంచి పోనిస్తుందా అని చూడండి. ఆ గుణం ఫొటోలో కనబడాలంటే ఏ పద్ధతి కావాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. అప్పుడు పద్ధతి పాతదే అయినా, దాన్ని ఎంచుకున్న కారణం మీదై ఉంటుంది.

అరకు, హంపి సంగతి కూడా ఇక్కడే చెప్పుకుందాం. ఇప్పటికి మిగిలి ఉన్న ఫొటోలలో అన్నింటికన్నా పాతది ఫ్రాన్సులో నియెప్స్ అనే ఆయన 1826–27 ప్రాంతంలో తన ఇంటి మేడ కిటికీలోంచి తీసింది; అందులో కనిపించేవి పక్కనున్న కప్పులూ గోడలూ మాత్రమే. ఇంగ్లండులో తొలితరం ఫొటోగ్రాఫర్ టాల్బట్ 1844లో ఒక తలుపు తెరిచి, గుమ్మానికి చీపురు ఆనించి తీసిన ఫొటోను ఇప్పటికీ పాఠంగా చెబుతారు. కెర్టెస్ అనే ఫొటోగ్రాఫర్ 1928లో పళ్లెం అంచున ఆనించిన ఫోర్కునూ దాని నీడనూ తీశాడు. వెస్టన్ అనే మరో ఫొటోగ్రాఫర్ 1930లో కాలిఫోర్నియాలో ఒక క్యాప్సికమ్ కాయను తగరపు గరాటులో పెట్టి తీసిన ఫొటోలో, ఆ గరాటు లోపలి గోడలు వెలుగును అన్ని వైపుల నుంచీ మెత్తగా కాయ మీదికి మళ్లించాయి. గరాటు మీ ఇంట్లోనూ ఉంటుంది. కాబట్టి దూరం వెళ్లలేకపోవడాన్ని లోపంగా లెక్కించవద్దు. ఒకే చోటును వేర్వేరు వేళల్లో చూడగలగడం యాత్రికులకు దొరకని సౌకర్యం.

ఇక మీ వంటగదితో మొదలుపెడదాం. ఒంగోలు ఇళ్లలో చాలావాటికి వంటగది గట్టు మీద చీమకుర్తి నల్లరాయే ఉంటుంది. మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లోనో, ఏదో ఒక దుకాణం మెట్ల మీదో తప్పక దొరుకుతుంది. ప్రపంచ విపణిలో బ్లాక్ గెలాక్సీ అని పిలిచే ఈ రాతిలో కనిపించే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. (వ్యాపారంలో గ్రానైటు అంటారు గానీ, భూగర్భ శాస్త్రం దీన్ని గాబ్రో జాతి శిలల్లో చేర్చుతుంది.) ఆ రాతి ముందు నిలబడి తలను మెల్లగా అటూ ఇటూ కదపండి. కొన్ని చుక్కలు వెలుగుతాయి, అంతవరకు వెలిగినవి ఆరిపోతాయి. ఆ ఖనిజపు ఒక్కో రేకు ఒక్కో వైపు వాలి ఉండడం వల్ల, వెలుగు వచ్చే కోణమూ మన కన్ను చూసే కోణమూ కుదిరినప్పుడే అది మెరుస్తుంది. అందువల్ల ఒకే దీపం కింద, ఒకే చోటి నుంచి తీసిన ఫొటోలో చుక్కల్లో కొన్నే పడతాయి, మిగిలినవి నల్లగా ఉండిపోతాయి. రాయిని కళ్లతో చూసినప్పుడు కలిగిన అనుభవం ఫొటోలో రాలేదని నిరాశ పడేది ఇక్కడే, పద్ధతి అవసరం పుట్టేదీ ఇక్కడే.

రాత్రి వంటపని ముగిశాక గట్టును తడిబట్టతో, ఆపైన పొడిబట్టతో తుడిచి, దీపాలన్నీ ఆర్పేయండి. ట్రైపాడ్ లేకపోతే బియ్యం డబ్బా మీద మడత పెట్టిన తువ్వాలు వేసి, దాని మీద కెమెరాను కదలకుండా కూర్చోబెట్టండి. ఐఎస్ఓ (కెమెరా వెలుగుకు ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకె) 100, అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్ 8, షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) 10 సెకన్లు పెట్టండి. దీపం ఉండగానే ఫోకస్ సరిచూసి దాన్ని మాన్యువల్‌కు మార్చండి. బటన్ నొక్కేటప్పుడు కెమెరా అదరకుండా 2 సెకన్ల టైమర్ వాడండి. షట్టర్ తెరిచి ఉన్న ఆ పది సెకన్లలో మొబైల్ టార్చిని గట్టుకు దగ్గరగా, తక్కువ ఎత్తులో, ఒక పక్క నుంచి మరో పక్కకు నెమ్మదిగా తిప్పండి. టార్చి ఒక్కో చోటికి చేరినప్పుడు ఒక్కో రేకుకు దాని కోణం కుదురుతుంది కాబట్టి, ఏ ఒక్క క్షణంలోనూ కంటికి కనిపించనన్ని చుక్కలు ఒకే ఫొటోలో పోగవుతాయి. టార్చిని కెమెరాకు ఎదురుగా పట్టుకుంటే మాత్రం దాని ప్రతిబింబమే తెల్లని చారగా పడుతుంది. అందుకని పక్కల నుంచి, కెమెరా ఉన్న వైపు నుంచి మాత్రమే తిప్పండి. ఫొటో చీకటిగా వస్తే సెకన్లు పెంచండి, వెలవెలబోతే తగ్గించండి. వెలుగుతో చిత్రం గీయడమనే ఈ పద్ధతిని అందరూ గాలిలో పేర్లు రాయడానికో, గుండె బొమ్మ గీయడానికో వాడుతున్నారు. నాకు అది పద్ధతిని వృథా చేసినట్టు అనిపిస్తుంది. ఈ రాతికి ఆ పద్ధతి లేకపోతే గడవదు.

పగటిపూట ఇదే గట్టును తీస్తే, ఎదురుగా ఉన్న కిటికీ ప్రతిబింబం అద్దంలో పడినట్టు రాతి మీద పడుతుంది. పోలరైజర్ అనే ఫిల్టరు ఉంటే, రాతి ఉపరితలానికి ముప్పై నలభై డిగ్రీల ఏటవాలులో నిలబడి దాన్ని తిప్పుతూ చూడండి. ఆ ప్రతిబింబం చాలావరకు తొలగిపోతుంది. ఫిల్టరు లేకపోతే నల్లగొడుగు తెరిచి కిటికీ ప్రతిబింబం పడే దారిలో అడ్డు పట్టమని ఎవరినైనా అడగండి. స్టూడియోవారు నల్ల అట్టతో చేసే పని ఇదే.

నల్లరాయిని తీసినప్పుడు మీకు మరో చిక్కు ఎదురవుతుంది: రాయి నల్లగా కాక బూడిదరంగులో వస్తుంది. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు, తన ముందున్న దృశ్యం సగటున నడిమి బూడిదరంగులో, అంటే తన మీద పడిన వెలుగులో సుమారు 18 శాతాన్ని తిరిగి పంపేదిగా ఉంటుందని అనుకుని లెక్క వేస్తుంది. నలుపు చూపిస్తే వెలుగు చాలలేదనుకుని పెంచుతుంది, తెలుపు చూపిస్తే ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. ప్రకాశం జిల్లాకు పేరు తెచ్చిన రెండింటిలో ఒకటి చీమకుర్తి నలుపు, మరొకటి ఒంగోలు గిత్త తెలుపు. మీటరు దృష్టిలో ఈ రెండూ ఒకే బూడిదరంగు. రాతికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటరు లెక్కకు మించి ఫొటో వెలుగును పెంచే, తగ్గించే అమరికను) మైనస్ 1 వైపు, గిత్తకు ప్లస్ 1 వైపు జరపండి. గిత్త విషయంలో అత్యాశ పనికిరాదు. మగ ఒంగోలు పశువుకు తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద ఛాయ ఉంటుంది. ఎక్స్‌పోజర్ మరీ పెంచితే ఆ ఛాయతో పాటు చర్మం మీది ముడతలూ తెల్లసున్నంలో కలిసిపోతాయి. గిత్త అందుబాటులో లేకపోతే కంగారు పడనక్కర లేదు. తెల్లని పింగాణీ గిన్నెలో రాళ్లుప్పు పోసి, కిటికీ పక్కన పెట్టి, కాంపెన్సేషన్‌ను సున్నా, ప్లస్ అర, ప్లస్ 1, ప్లస్ ఒకటిన్నరలలో వరుసగా తీసి, హిస్టోగ్రామ్ (ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఏది ఎంత ఉందో చూపే పటం) కుడివైపు గోడను ఎక్కడ గుద్దుకుంటుందో చూడండి. ఉప్పురాళ్ల అంచులు ఇంకా విడివిడిగా కనిపిస్తూనే తెలుపు తెలుపుగా ఉన్న చోటు మీ కెమెరాకు సరైన చోటు. ఈ ఒక్క అభ్యాసం సరిగా చేసినవారికి ఆపై మీటరు మీద ఫిర్యాదు ఉండదు.

ఇప్పుడు తల పైకెత్తండి. మీ గదిలోని ఫ్యాను షట్టర్ వేగాన్ని నేర్పడానికి తయారైన యంత్రం అనుకోండి. మామూలు ఫ్యాను పూర్తి వేగంలో నిమిషానికి సుమారు 350 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు దాదాపు ఆరు చుట్లు, డిగ్రీల్లో చెప్పాలంటే సుమారు 2100. షట్టర్‌ను 1/1000 సెకను పెడితే ఆ వ్యవధిలో రెక్క రెండు డిగ్రీలే కదులుతుంది, అంచు చెక్కినట్టు స్పష్టంగా వస్తుంది. 1/250 దగ్గర ఎనిమిది డిగ్రీలు కదిలి అంచు కాస్త చెదురుతుంది. 1/30 దగ్గర డెబ్బై డిగ్రీలు కదిలి రెక్క విసనకర్రలా పరుచుకుంటుంది. మూడు రెక్కల మధ్య ఎడం 120 డిగ్రీలు కాబట్టి 1/15 దగ్గర ఒక రెక్క జాడ తర్వాతి రెక్క జాడలో కలిసి, మొత్తం ఒక పలచని చక్రంగా మారుతుంది. లెక్క కాగితం మీద వేసుకుని, తీసిన ఫొటోలతో సరిపోల్చండి.

లెక్క ఎందుకు చెబుతున్నానంటే, ఈ వేగాలలో ఏది ఎంచుకుంటే ఫొటో అర్థం అలా మారిపోతుంది. 1/1000 దగ్గర తీస్తే గిరగిర తిరుగుతున్న ఫ్యాను కూడా కరెంటు పోయి ఆగినట్టు కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం, ఫ్యాను కింద చాప వేసుకుని మీ నాయనమ్మ కునుకు తీస్తున్న దృశ్యాన్ని మీరు తీస్తున్నారనుకోండి. చక్రంలా తిరిగే ఫ్యాను ఆమెకు గాలి అందుతోందని చెబుతుంది, నిలిచిపోయిన రెక్కలు అదే నిద్రను ఉక్కపోతగా మార్చేస్తాయి. రెండూ నిజమైన ఫొటోలే, వాటిలో ఒకటే నిజమైన మధ్యాహ్నం. పద్ధతిని విడిగా నేర్చుకున్నవారికి ఈ ప్రశ్న రాదు. నాయనమ్మ ముఖం కదలకుండా ఉండి, పైన ఫ్యాను మాత్రం చెదరాలంటే 1/15 దగ్గర కెమెరాను అలమర మీదో, కుర్చీ వీపు మీదో ఆనించి పట్టుకోవాలి. నిద్రపోయేవారు కదలరు కాబట్టి ఇది సులభమే. ఆమె లేచాక ఫొటో చూపించి, పోటీకి పంపడం ఆమెకు ఇష్టమో కాదో అడగడం మరవద్దు.

గదిలో ఎల్ఈడీ దీపం ఉంటే ఒక్క జాగ్రత్త చెబుతాను. మన విద్యుత్తు 50 హెర్ట్‌జ్‌ది కావడం వల్ల చవక దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. వేగమైన షట్టర్‌తో తీస్తే ఫొటోలో అడ్డచారలు పడతాయి. అప్పుడు 1/100 లేదా 1/50 వాడండి, లేదా దీపం ఆర్పి కిటికీ తెరవండి.

స్టీలు గ్లాసు, ఇత్తడి చెంబు వంటి వాటికి సొంత రూపం తక్కువ. వాటి చుట్టూ ఉన్నదే వాటి రూపం. చెంబును తీస్తున్నానని మీరు అనుకుంటారు, ఫొటోలో పడేది చెంబులో వంగి కనిపించే వంటగది, కిటికీ, కెమెరా పట్టుకున్న మీరు. దాన్ని వద్దనుకుంటే చెంబుకు రెండు పక్కలా తెల్ల పంచె కట్టి, ఆ పంచె బయటి నుంచి వెలుగు రానివ్వండి. అప్పుడు లోహం మీద మెత్తని తెల్లని పట్టీలు మాత్రమే పడి దాని గుండ్రదనం తేటపడుతుంది. కావాలనుకుంటే మాత్రం ఇంతకన్నా మంచి కుటుంబ చిత్రం దొరకదు. అమ్మ, నాన్న, తమ్ముడు, మీరు అందరూ ఒకే చెంబు కడుపులో పట్టేటట్టు నిలబడి తీయండి. ఫోకస్‌ను చెంబు అంచు మీద పెడితే ముఖాలు చెదురుతాయి, ప్రతిబింబం మీద పెడితే అంచు చెదురుతుంది. రెండూ కావాలంటే ఎఫ్ 11 దాకా వెళ్లాలి.

గరుకుతనానికి మందు పక్క నుంచి వచ్చే వెలుగు. వాకిట్లో ముగ్గును ఉదయం ఎండ నేలబారుగా ఉన్నప్పుడు తీస్తే పిండి రేణువుల ఎత్తు కూడా నీడతో కనిపిస్తుంది, పదకొండు గంటలకు తీస్తే అది నేల మీద అంటించిన కాగితంలా ఉంటుంది. మార్కాపురం పలక ఒకటి ఇంట్లో మిగిలి ఉంటే పారేయకండి. మెరుపు లేని ఆ ముదురు రంగు, చిన్న వస్తువుల వెనుకా కిందా పరచడానికి బజారులో కొనే నేపథ్యాల కన్నా బాగుంటుంది. చింతపండు, ఎండుమిరప, వెల్లుల్లి వంటివాటిని దాని మీద పెట్టి కిటికీ పక్కన తీసి చూడండి. టంగుటూరు, కొండపి వైపు మీకు చుట్టాలుంటే, చలికాలం చివర్లో పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే గదులు) నడిచే రోజుల్లో ఇంట్లోవారితో కలిసి ఒక్కసారి వెళ్లి రండి. కర్రలకు అల్లి, కాల్చి దించిన వర్జీనియా ఆకును వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే పసుపులో ఈనెలన్నీ కనిపిస్తాయి. అదే ఆకును పక్క వెలుగులో తీస్తే ఈనెలు మాయమై ముడతలు పైకి వస్తాయి. ఒకే ఆకుకు రెండు గుణాలు, రెండు వెలుగులు.

ఉదయం, సాయంకాలం వెలుగే మంచిదని, మధ్యాహ్నం కెమెరా సంచిలో పెట్టేయాలని పుస్తకాలు చెబుతాయి. చలిదేశాల వారికి అది సరిపోవచ్చు. మన జిల్లాలో రోజులో ఎక్కువ భాగం కరకు ఎండే కాబట్టి, దాన్ని వదులుకుంటే మనకు మిగిలేది తక్కువ. మీ మేడ మీద బట్టల తీగ నీడ, కిటికీ గ్రిల్ నీడ, ఆరబోసిన వడియాల చాప, ఇవన్నీ ఆ ఎండ వేళకే అందంగా ఉంటాయి. ఒంగోలు సుమారు 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల ఏడాదికి రెండుసార్లు, మే మొదటి రోజుల్లో ఒకసారి, ఆగస్టు 10 ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు నిలబెట్టిన సీసా నీడ దాని అడుగునే దాక్కుంటుంది. ఆగస్టులో మబ్బు లేకపోతే మేడ మీద ఒక బిందెను పెట్టి, ఉదయం పది నుంచి రెండు దాకా గంటకొకటి చొప్పున ఒకే చోటి నుంచి తీసి చూడండి.

వేపచెట్టు కింద నేల మీద పడే వెలుగు చుక్కలను ఎప్పుడైనా గమనించారా? ఆకుల మధ్య సందులు ఏ ఆకారంలో ఉన్నా నేల మీద చుక్కలు గుండ్రంగానే ఉంటాయి, ఎందుకంటే ప్రతి చుక్కా సూర్యుడి బొమ్మే. చిన్న రంధ్రం లెన్సు పని చేస్తుందన్నమాట. ఒక అట్టముక్కకు చిన్న చతురస్రపు రంధ్రం చేసి నేలకు దగ్గరగా పట్టుకుంటే వెలుగు చతురస్రంగా పడుతుంది, పైకి ఎత్తుతూ పోతే గుండ్రబడుతుంది. కెమెరాను గానీ కంటిని గానీ సూర్యుడి వైపు తిప్పకుండా, నేల మీది వెలుగును మాత్రమే చూస్తూ ఇది చేయండి.

ఈ సూత్రమే మీ గదిలోకి వీధిని తీసుకురాగలదు, మీ పరిస్థితిలో ఉన్నవారికి నేను అన్నిటికన్నా ముందు సూచించే పని ఇది. వీధి వైపు కిటికీ ఉన్న గదిని ఎంచుకుని, ఆ కిటికీని నల్ల ప్లాస్టిక్ పట్టాతోనో, మందపాటి అట్టతోనో పూర్తిగా మూసేయండి. తలుపు కింది సందులకు గుడ్డలు కుక్కండి. అట్ట మధ్యలో సుమారు ఒక సెంటీమీటరు వెడల్పున గుండ్రటి రంధ్రం చేయండి. చీకటికి కళ్లు అలవాటు పడడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత ఎదురు గోడ మీద వీధి తలకిందులుగా కనిపించడం మొదలవుతుంది: ఎదురింటి మేడ కిందికి వేలాడుతూ, ఆకాశం నేల దగ్గర, ఆటోలు కప్పు దగ్గర నడుస్తూ. రంధ్రం చిన్నదైతే బొమ్మ స్పష్టంగా ఉంటుంది గానీ వెలుగు తగ్గుతుంది. పెద్దదైతే వెలుగుగా, చెదిరి ఉంటుంది. సూర్యుడు ఎదుటి ఇళ్ల ముఖాల మీద పడుతున్న వేళను ఎంచుకోవాలి. మీ కిటికీ తూర్పుదైతే మధ్యాహ్నం దాటాక, పడమటిదైతే ఉదయం. గోడ తెల్లగా లేకపోతే ఉతికిన దుప్పటి కట్టండి, లేదా కట్టకుండా మీ మంచం మీదా పుస్తకాల అర మీదా వీధిని పడనివ్వండి. నాకైతే రెండోదే ఇష్టం. ఐఎస్ఓ 800, ఎఫ్ 5.6, 30 సెకన్లతో మొదలుపెట్టి, ఫలితాన్ని బట్టి మార్చుకోండి. అంతసేపట్లో కదిలే ఆటోలు, మనుషులు మాయమై, నిలిచి ఉన్నవి మాత్రమే మిగులుతాయి. ఎదురు దుకాణం ముందు కదలకుండా కూర్చున్న పెద్దాయన ఫొటోలో ఉంటాడు, వచ్చి పోయిన కొనుగోలుదారులు ఉండరు. క్యూబాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన అబెలార్డో మొరెల్ అనే ఫొటోగ్రాఫర్ 1991లో తన ఇంటి గదిలో ఇదే పనితో మొదలుపెట్టి, దాన్నే జీవితకాలపు కృషిగా మలచుకున్నాడు. ఫిల్ము రోజుల్లో ఆయనకు గంటల కొద్దీ పట్టిన ఎక్స్‌పోజరు మీ డిజిటల్ కెమెరాలో నిమిషంలోపే ముగుస్తుంది. ఈ ఫొటో ఎవరి దానికీ నకలు కాజాలదు, ఎందుకంటే ఆ గోడ మీద పడేది మీ వీధి ఒక్కటే.

మాక్రో లెన్సు ఇప్పుడు కొనవద్దు. మీ 18–55 లెన్సు దాదాపు పాతిక సెంటీమీటర్ల దగ్గర నుంచి ఫోకస్ చేస్తుంది. 55 దగ్గర పెట్టి అంత దగ్గరికి వెళితే అరచేయంత చోటు ఫ్రేము నిండా వస్తుంది, పైన చెప్పిన వాటిలో దేనికైనా అది సరిపోతుంది. ఇంకా దగ్గరికి వెళ్లాలనే కోరిక తీరకపోతే, లెన్సును తిరగేసి బిగించే రింగు తక్కువ ధరకు దొరుకుతుంది. తిరగేసిన లెన్సులో ఆటోఫోకస్ ఉండదు, రింగు తిప్పి ఫోకస్ చేయడం కన్నా కెమెరానే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరపడం మేలు. లెన్సు వెనుక భాగం బయటపడి ఉంటుంది కాబట్టి దుమ్ములోకి తీసుకువెళ్లకండి.

బజారులో మనుషులను తీయవచ్చు గానీ, అడిగి తీయాలి. మీ అమ్మగారు రోజూ కూరగాయలు కొనే అంగడితో మొదలుపెట్టండి, ముఖపరిచయం ఉన్నచోట “అక్కా, కాలేజీ పోటీకి ఒక ఫొటో తీసుకోనా?” అని అడగడానికి జంకు ఉండదు. వద్దన్నవారిని రెండోసారి అడగవద్దు. తల్లిదండ్రులు పక్కన లేని పిల్లలను, జబ్బుతోనో దుఃఖంతోనో ఉన్నవారిని తీయవద్దు. తీసినవారికి చిన్న ప్రింటు వేయించి ఇవ్వండి. ఆ తర్వాత ఆ బజారులో మీకు అడ్డు చెప్పేవారు తక్కువ. ముఖం వద్దన్నవారు చాలాసార్లు చేతులు తీయడానికి ఒప్పుకుంటారు. తక్కెడ పట్టిన చెయ్యి, తమలపాకులు లెక్కపెట్టే వేళ్లు ముఖానికి తీసిపోవు. కాలేజీ దారిలో షేర్ ఆటోలను తీయాలనుకుంటే షట్టర్ 1/30 పెట్టి, ఆటో వేగానికి సమంగా కెమెరాను పక్కకు తిప్పుతూ నొక్కండి. వెనుక గోడలు చారలుగా సాగి, లోపల కిక్కిరిసిన ముఖాలు నిలుస్తాయి. చాలావరకు చెడిపోతాయి, అది మామూలే. ఫుట్‌పాత్ మీద నిలబడే చేయండి.

పోటీ విషయానికి వస్తే, ఐదు ఫొటోల్లో ఐదు విద్యలు ప్రదర్శించే ఆలోచన మానుకోండి. ఒక వెలుగు చిత్రం, ఒక చెదిరిన ఫ్యాను, ఒక మాక్రో పక్కపక్కన పెడితే చూసేవారికి మీ అభ్యాసం కనిపిస్తుంది, మీ ఇల్లు కనిపించదు. ఒకే గదిలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా జరిగేదాన్నో, ఒకే వంటగదినో, మీ వీధి ఒక్కదాన్నో తీసుకుని, అందులో ఏ ఫొటోకు ఏ పద్ధతి అవసరమైతే ఆ పద్ధతినే వాడండి. రెండు ఫొటోలకు ఏ పద్ధతీ అవసరం లేకపోతే ఇంకా మంచిది. తెల్లవారుజామున ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు లేచే ఆవిరిని, వెనుక నుంచి కిటికీ వెలుగు పడేటట్టు, చీకటి గోడ నేపథ్యంగా తీశారనుకోండి. అది మీ అగరుబత్తి పొగ ఫొటోకు వాడిన పద్ధతే, కానీ ఈసారి ఆ ఆవిరి వెనుక ఒక పొద్దూ ఒక మనిషీ ఉంటారు.

ఒక పుస్తకం పెట్టుకుని ప్రతి ఫొటోకు వేళ, కిటికీ వైపు, మీరు మార్చిన ఒక్క విషయం రాయండి. ఒకసారి ఒకటే మార్చండి. వెలుగూ కోణమూ రెండూ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల వచ్చిందో తెలియదు. కెమెరాలో ‘రా’ ఫైలుగా (కెమెరా పట్టిన వివరాలన్నీ అలాగే ఉంచే ఫైలుగా) తీయండి. ఫోన్ యాప్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను: వెలుగు సరిదిద్దడం, అంచులు కత్తిరించడం వరకు చాలు. అంతా నలుపు తెలుపుగా మార్చి ఒక్క బొట్టునో, ఒక్క చీరనో ఎర్రగా మిగిల్చే అలవాటు నాకు నచ్చదు, న్యాయనిర్ణేతల్లోనూ చాలామందికి నచ్చదని అనుకుంటున్నాను.

పోటీకి ప్రింట్లు అడిగితే 12×18 అంగుళాల పరిమాణానికి 12 మెగాపిక్సెల్ పాత కెమెరా కూడా సరిపోతుంది. అంగుళానికి సుమారు 240 చుక్కలు వస్తాయి. నల్లరాయి, చీకటి గది వంటి ఫొటోలకు మెరుపు కాగితం వద్దు, మ్యాట్ కాగితం అడగండి. కంప్యూటరు తెర వెలుగు పూర్తిగా పెంచి సరిదిద్దిన ఫొటో ప్రింటులో నల్లబడుతుంది కాబట్టి, తెర వెలుగును సగానికి తగ్గించి సరిదిద్దండి. స్టూడియోకు వెళ్లినప్పుడు ఐదింటిలో అన్నిటికన్నా చీకటిగా ఉన్న ఫొటోను ముందు 4×6లో ఒకటి వేయించి, బయట పగటి వెలుగులో చూసి, అందులో నీడల వివరాలు నిలిచాయని తేలాకే మిగిలిన నాలుగింటినీ పెద్దవిగా వేయమని చెప్పండి.